తడి ఆరిన నోటికి అతిధ్వని సాక్ష్యం

మన నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుందంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అన్నం తినేటప్పుడు గానీ, గంటసేపు కబుర్లాడేటప్పుడు గానీ మనకు దాని ఊసే గుర్తు రాదు. అది తగ్గిపోతే మాత్రం బతుకు దుర్భరమవుతుంది. గుక్కెడు నీళ్ళు తాగనిదే ముద్ద గొంతు దిగదు. రాత్రిళ్ళు నాలుక అంగిలికి అంటుకుపోయి మెలకువ వస్తుంది. పళ్ళు మొదళ్ళ దగ్గర పుచ్చిపోతాయి. వీటితోపాటు కళ్ళు ఇసుక పోసినట్లు గరగరలాడుతుంటే, కీళ్ళు కూడా నొప్పి పెడుతుంటే అది షోగ్రెన్ వ్యాధి కావచ్చు.

ఇది స్వయం ప్రతిరక్షక వ్యాధుల కోవకు చెందింది. సూక్ష్మజీవుల బారి నుంచి మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే సొంత శరీరం మీద తిరగబడుతుందన్నమాట. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు లాలాజల గ్రంథుల్లోకి, కన్నీటి గ్రంథుల్లోకి చొరబడి గుంపులు కడతాయి. రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే. ఎక్కువమందిలో ఇది నడివయసులో బయటపడుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. నడివయసు ఇల్లాలు నోరెండిపోతోందనీ, కళ్ళు మండుతున్నాయనీ, ఒంట్లో సత్తువ లేదనీ చెబితే ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందంటారు. ఒక్కోసారి డాక్టర్లు కూడా బెంగ వల్లనేనని తేల్చేస్తారు. పైకి చూస్తే ఏమీ కనిపించదు మరి. కనిపించని ఆ ఎండుదనానికి రుజువు సంపాదించడానికి వైద్యశాస్త్రం నూరేళ్ళకు పైగా పాట్లు పడింది. ఆ కథే ఇది.

స్వీడన్ డాక్టరు సిద్ధాంత గ్రంథం

1888లో లండన్ వైద్యుడు హాడెన్ ఒక వృద్ధురాలి గురించి రాశాడు. ఆమెకు నోటి తడితోపాటు కన్నీళ్ళు కూడా ఆరిపోయాయి. అదే ఏడాది కోనిగ్స్‌బర్గ్‌లో మికులిచ్ అనే శస్త్రవైద్యుడి దగ్గరకు 42 ఏళ్ళ రైతు వచ్చాడు. అతని లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు రెండు వైపులా ఉబ్బిపోయి ఉన్నాయి. మికులిచ్ 1892లో ఆ వివరాలు ప్రచురించాడు. ఈ రెండు ఉదంతాలకూ సంబంధం ఉండవచ్చని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

చెల్లాచెదురుగా ఉన్న ఇలాంటి లక్షణాలను ఒక్కచోట చేర్చినవాడు హెన్రిక్ షోగ్రెన్. స్వీడన్‌కు చెందిన కంటివైద్యుడు. 1933లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో 19 మంది స్త్రీల వివరాలున్నాయి. అందరికీ కళ్ళు ఎండిపోయాయి. వారిలో 13 మందికి కీళ్ళవాతం కూడా ఉంది. ఇది ఒక్క కంటికి పరిమితమైన జబ్బు కాదనీ, శరీరమంతటికీ సంబంధించిందనీ ఆయన గ్రహించాడు. పరీక్షకులకు మాత్రం ఆ గ్రంథం అంత గొప్పగా కనిపించలేదు. విశ్వవిద్యాలయంలో బోధకుడు కావడానికి కావలసిన శ్రేణి దానికి దక్కలేదు. షోగ్రెన్ యోన్‌షోపింగ్ పట్టణంలో కంటివైద్యుడుగా స్థిరపడ్డాడు.

ఆ గ్రంథం జర్మన్ భాషలో ఉంది. దాన్ని 1943లో ఆస్ట్రేలియా కంటివైద్యుడు బ్రూస్ హామిల్టన్ ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ తర్వాతనే ప్రపంచం దాన్ని చదివింది, వ్యాధికి షోగ్రెన్ పేరు స్థిరపడింది. 1961లో స్వీడన్ ప్రభుత్వం ఆయనకు ప్రొఫెసర్ హోదా ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. ఒక అనువాదం ఎంత పని చేయగలదో చూడండి!

పెదవి కోసి, రంగు ఎక్కించి

పేరు వచ్చినంత మాత్రాన రుజువు దొరికినట్లు కాదు. కంటి తడి కొలవడం సులభమే. ఇందుకు 1903లోనే షిర్మర్ ఒక పద్ధతి చెప్పాడు. కింది రెప్పలో వడపోత కాగితపు ముక్క ఉంచి, 5 నిమిషాల్లో అది ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. నోటి సంగతి అలా కాదు. ఉమ్మి ఎంత ఊరుతోందో కొలవవచ్చు గానీ, ఎందుకు తగ్గిందో ఆ కొలత చెప్పదు.

గ్రంథి లోపలి స్థితి తెలుసుకోవడానికి మొదట్లో ఎక్స్‌రే ఉపయోగించారు. బుగ్గ లోపలి నాళంలోకి సన్నని గొట్టం దూర్చి, ఎక్స్‌రేకు కనబడే ద్రవం ఎక్కించి ఫొటో తీస్తారు. జబ్బు ఉంటే నాళాల చివర చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. రోగికి మాత్రం అది బాధాకరమైన పరీక్ష.

1968లో గ్లాస్గోకు చెందిన చిషోమ్, మేసన్ మరో దారి చూపారు. కింది పెదవి లోపలి వైపు చిన్న చిన్న లాలాజల గ్రంథులు చాలా ఉంటాయి. వాటిలో కొన్నింటిని కోసి తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. 50 లేదా అంతకుమించి లింఫోసైట్లు ఒకచోట చేరితే దాన్ని ఒక గుంపుగా లెక్కిస్తారు. 4 చదరపు మిల్లీమీటర్ల కణజాలంలో ఇలాంటి గుంపులు ఎన్ని ఉన్నాయో చూస్తారు. ఈ లెక్క ఈనాటికీ చెల్లుతోంది. ఇందులో ఇబ్బంది లేకపోలేదు. పెదవి కోయాలి. కొందరికి ఆ చోట చాలాకాలం తిమ్మిరి ఉండిపోతుంది. జబ్బు ఎలా ఉందో చూద్దామని ఆరు నెలలకోసారి పెదవి కోయలేం కదా!

ఓడల నుంచి బుగ్గల దాకా

ఇక్కడ మనం కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అదే గ్లాస్గో నగరంలో 1955లో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు ఒక బాయిలర్ల కర్మాగారానికి వెళ్ళాడు. శస్త్రచికిత్సల్లో తీసిన కణితులను, నీటి తిత్తులను కారు డిక్కీల్లో పెట్టించుకుని మరీ వెళ్ళాడు. లోహంలో పగుళ్ళు కనిపెట్టడానికి అక్కడ ఒక యంత్రం ఉంది. మన చెవికి వినబడని అతిధ్వనులను అది లోహంలోకి పంపి, ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జలాంతర్గాముల జాడ తీయడానికి లాంజెవాన్ వాడిన సూత్రమే ఇది. గట్టి కణితి ఒక రకంగా, నీటి తిత్తి మరో రకంగా ప్రతిధ్వనించడం డొనాల్డ్ గమనించాడు. ఇంజనీరు టామ్ బ్రౌన్, డాక్టరు మెక్‌వికర్‌లతో కలిసి 1958లో ఆయన 'లాన్సెట్' పత్రికలో ప్రచురించిన వ్యాసంతో వైద్యంలో స్కానింగ్ యుగం మొదలైంది.

మరి లాలాజల గ్రంథుల దాకా రావడానికి మరో ముప్ఫై ఏళ్ళు ఎందుకు పట్టింది? ఒక ముఖ్య కారణం భౌతికశాస్త్రంలో ఉంది. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. సెకనుకు 30 లక్షల కంపనాలుంటే తరంగదైర్ఘ్యం అర మిల్లీమీటరు ఉంటుంది. పొట్టలోని శిశువును చూడడానికి అది చాలు. గ్రంథిలోని మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల మచ్చలు స్పష్టంగా కనబడాలంటే కంపనాలు కోటికి అటూఇటూ ఉండాలి. అలాంటి తరంగాలు లోతుకు పోలేవు, కణజాలం వాటిని త్వరగా పీల్చేస్తుంది. అదృష్టవశాత్తూ ఈ గ్రంథులు చర్మానికి దగ్గరగానే ఉన్నాయి. గవదబిళ్ళలు వచ్చినప్పుడు చెవి ముందు ఉబ్బే పెరోటిడ్ గ్రంథి, దవడ కింది గ్రంథి రెండూ చేతికి తగిలే చోటే ఉంటాయి. ఎక్కువ కంపనాల శలాకలు వచ్చాక దారి సుగమమైంది.

1988లో బ్రాడస్, ఆయన సహచరులు షోగ్రెన్ రోగుల పెరోటిడ్ గ్రంథి స్కానింగ్‌లో ఎలా ఉంటుందో 'రేడియాలజీ' పత్రికలో వర్ణించారు. 1992లో ఇటలీకి చెందిన దె వీటా బృందం మరో పరిశీలన ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి తెర మీద నున్నగా, ఒకే తీరు బూడిదరంగులో కనిపిస్తుంది. జబ్బు ముదిరిన గ్రంథిలో గుండ్రని నల్ల మచ్చలు చెదలు తిన్న చెక్కలా పరచుకుని ఉంటాయి. కోత లేదు, రేడియేషన్ లేదు. కాస్త జెల్లీ పూసి శలాక ఆనిస్తే చాలు. ఎన్నిసార్లయినా చేయవచ్చు.

కన్ను చూసింది, కొలత ఏదీ?

అయినా ఈ పరీక్షకు వెంటనే పెద్దపీట వేయలేదు. ఒకరికి మచ్చగా తోచింది మరొకరికి మామూలుగా తోచవచ్చు. యంత్రాలూ వేర్వేరు. అందుకని బొమ్మను అంకెల్లోకి మార్చే ప్రయత్నాలు సాగాయి. 2005లో స్లొవేనియాకు చెందిన హొచెవార్ బృందం నాలుగు గ్రంథులను ఐదు లక్షణాల ఆధారంగా పరిశీలించి, 0 నుంచి 48 దాకా మార్కులు వేసింది. 17 మార్కులను గీతగా పెట్టుకుంటే, జబ్బు లేనివారిలో 98.7 శాతం మందిని సరిగ్గా లేదని చెప్పగలిగారు. జబ్బు ఉన్నవారిలో మాత్రం 58.8 శాతం మందే పట్టుబడ్డారు. ఈ రెండు అంకెలూ మీరు గుర్తుంచుకోదగ్గవి. నల్ల మచ్చలు నిండుగా కనబడితే అది బలమైన సాక్ష్యం. బొమ్మ బాగుందంటే మాత్రం జబ్బు లేదని అర్థం కాదు.

2016లో అమెరికా, యూరప్ కీళ్ళవాత వైద్య సంఘాలు కలిసి వర్గీకరణ నియమాలు ప్రకటించాయి. పెదవి ముక్క పరీక్షకు 3 మార్కులు, రక్తంలోని ఎస్ఎస్ఏ ప్రతిరక్షకాలకు 3, రెండు కంటి పరీక్షలకూ ఉమ్మి కొలతకూ ఒక్కొక్కటి చొప్పున ఇచ్చాయి. మొత్తం 4 వస్తే షోగ్రెన్ కింద లెక్క. స్కానింగ్‌కు అందులో చోటు దొరకలేదు. 2019లో ఫ్రాన్స్‌కు చెందిన జూస్-జూలెన్ నాయకత్వంలో వివిధ దేశాల నిపుణులు ఒకే బొమ్మల మీద కూర్చుని 0 నుంచి 3 వరకు నాలుగు మెట్లతో సులువైన కొలత తయారుచేశారు. స్కానింగ్‌ను కూడా నియమాల్లో చేర్చాలన్న వాదన దాంతో బలపడింది.

ఒక్క బొమ్మనే నమ్ముకుంటే పొరపడే ప్రమాదం ఉందని మికులిచ్ రోగి కథ హెచ్చరిస్తుంది. 1953లో మోర్గన్, కాజిల్‌మన్ ఆ జబ్బూ, షోగ్రెన్ వ్యాధీ ఒకటేనన్నారు. దాదాపు అర్ధ శతాబ్దం ఆ మాటే చెల్లింది. ఆ తర్వాత జపాన్ పరిశోధకులు దాన్ని ఐజీజీ-4 అనే ప్రతిరక్షకంతో ముడిపడిన వేరే వ్యాధిగా గుర్తించారు. గ్రంథులు ఉబ్బే జబ్బులు ఇంకా ఉన్నాయి. అందుకే రక్తపరీక్ష, అవసరమైతే పెదవి పరీక్ష నేటికీ తప్పవు.

మన ఊళ్ళో యంత్రం

స్కానింగ్ వల్ల మరో మేలుంది. 1978లో అమెరికాలో 136 మంది షోగ్రెన్ రోగులైన స్త్రీలను పరిశీలిస్తే, వారికి లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు మామూలు స్త్రీల కంటే 44 రెట్లు ఉన్నట్లు తేలింది. తర్వాతి అధ్యయనాల్లో ఈ అంకె తగ్గినా, ముప్పు ఎక్కువేనన్న మాట నిలిచింది. చాలామందికి అది రాదు. వచ్చినప్పుడు మాత్రం తరచు పెరోటిడ్ గ్రంథిలోనే తలెత్తుతుంది. ఒక వైపు గ్రంథి గట్టిగా ఉబ్బి తగ్గకపోతే స్కానింగ్‌లో చూసి, సూది ఎక్కడ గుచ్చి ముక్క తీయాలో నిర్ణయించవచ్చు.

మన దేశంలో స్కానింగ్ యంత్రాలు చిన్న పట్టణాలకు కూడా చేరాయి. ఆడపిల్లను కడుపులోనే గుర్తించి వదిలించుకోవడానికి వాటిని దుర్వినియోగం చేయడంతో 1994లో లింగ నిర్ధారణ నిరోధక చట్టం వచ్చింది, 1996 నుంచి అమలైంది. గర్భస్థ శిశువును చూడగల యంత్రాన్ని బుగ్గలు చూడడానికే పెట్టుకున్నా సరే, నమోదు చేయించవలసిందే. ఆ కట్టడి అవసరమే. స్త్రీలకు అంత కీడు చేసిన యంత్రమే, ఎవరూ నమ్మని ఒక స్త్రీ బాధకు సాక్ష్యం కూడా చెప్పగలదు. అందుకు యంత్రం ఉంటే చాలదు. గ్రంథులను చూడమని రాసే డాక్టరు ఉండాలి, ఆ మచ్చలను పోల్చుకోగల కన్ను ఉండాలి.

నోరెండిన ప్రతివారికీ ఈ వ్యాధి ఉన్నట్లు కాదు. చక్కెర వ్యాధి వల్లా, రక్తపోటుకూ కుంగుబాటుకూ వాడే కొన్ని మందుల వల్లా నోరెండుతుంది. అయితే మీ ఇంట్లో ఎవరైనా మూడు నెలలకు పైగా రోజూ నోరూ కళ్ళూ ఎండిపోతున్నాయంటుంటే, నీళ్ళు లేనిదే పొడి తిండి మింగలేకపోతుంటే, వయసు మీదికి నెట్టేయకండి. కీళ్ళవాత వైద్యుడికి ఒకసారి చూపించండి. లాలాజల గ్రంథుల స్కానింగ్ అవసరమేమో ఆయన్నే అడగండి.