పులుపు పోయాక బయటపడ్డ వాసన

సంగారెడ్డి వైపు ఒక బీరు కర్మాగారంలో, ల్యాబులోనే నా ఉద్యోగమంతా గడిచింది. రోజూ భోజనానికి ముందు రుచి పరీక్ష ఉండేది. గ్లాసుల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. వాటిలో ఒకటి కావాలనే వేడిగదిలో పెట్టి పాతబరిచిన బీరు. దాన్ని పసిగట్టినవాళ్లు కాగితం మీద రాసే మాట ఒక్కటే: తడిసిన అట్టపెట్టె.

బీరు వయసుతో పోలిస్తే ఈ ఫిర్యాదు నిన్నమొన్నటిది. ఒకప్పుడు బీరు పాడైందంటే పులిసిందనే. 1876లో లూయీ పాశ్చర్ బీరు మీద పుస్తకం వేసి, ఆ నేరం సూక్ష్మజీవులదని తేల్చాడు. యుద్ధంలో ఫ్రాన్సును ఓడించిన జర్మన్ల మీద పంతంతో మొదలెట్టిన పని అది! తర్వాత సీసాలను వేడిచేసి సూక్ష్మజీవులను చంపడం మామూలైంది. 1892లో బాల్టిమోర్‌లో విలియం పెయింటర్ రేకు మూతకు పేటెంటు తీసుకున్నాడు. దాంతో సీసా బీరు నెలల తరబడి పులవకుండా నిలిచింది. అలా నిలవడంతోనే రెండో జబ్బు పైకొచ్చింది. మూత కింద చిక్కుకున్న కాస్త గాలి చేసే పని అది. అంతకుముందు పులుపు దాన్ని కనపడనిచ్చేది కాదు.

ఆ అట్టవాసనకు ముఖ్య కారణంగా ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థాన్ని 1970లో జేమీసన్, వాన్ గెలూవె అనే పరిశోధకులు గుర్తించారు. సుమారు కోటి లీటర్లకు ఒక్క గ్రాము ఉన్నా మన ముక్కుకు తెలిసిపోతుంది. అందుకే ఫిల్లింగ్ లైనులో సీసాలోని గాలిని లాగేసి కార్బన్ డయాక్సైడ్ నింపుతాం. బీరు పోశాక సన్నటి వేడినీటి ధార కొట్టి నురగ పొంగించి, ఆ నురగ మీదే మూత బిగిస్తాం.

ఇంత చేసినా వేడి ఊరుకోదు. 32 డిగ్రీల్లో 3 రోజులు, 22లో 30 రోజులు, 3లో 300 రోజులు, మూడూ ఒకే ముసలితనం అని మా వృత్తిలో ఒక లెక్క. మోటు లెక్కే, కానీ మే నెలలో మన గోదాములు తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. ముందు హాప్స్ పువ్వుల పరిమళం తగ్గుతుంది, అట్టవాసన వస్తుంది, ఆపైన తేనెలాంటి బరువైన తీపి, ముదురు రంగు. ఘాటైన పాతకాలపు ఇంగ్లీషు ఏల్ బీర్ల‌కి ఆ తీపి అందమే. లేత లాగర్ బీరు‌కి మాత్రం కాదు. పచ్చసీసాలో వచ్చే ముక్కవాసన వెలుతురు వల్ల, దాన్ని గాలి ఖాతాలో వేయకండి.

వైన్స్‌లో కొనేముందు తయారీ తేదీ చూడండి. ఒకసారి పట్టిన అట్టవాసన ఫ్రిజ్‌లో పెట్టినా పోదు.