ఉన్ని కోసం కట్టిన పబ్బు

మా ఊరు నార్టన్ సెయింట్ ఫిలిప్‌కి వచ్చినవాళ్లంతా జార్జ్ ఇన్ చూసి, దేశంలో అతి పాత పబ్బు ఇదేనా అని అడుగుతారు. ఆ మాట చెప్పుకునే పబ్బులు ఇంగ్లండులో చాలానే ఉన్నాయి. ఆ పోటీ నాకక్కర్లేదు. దీని గొప్పంతా కట్టుబడిలో ఉంది.

బాత్ నగరానికి దక్షిణాన, సోమర్సెట్‌లో ఉంది మా ఊరు. ఒకప్పుడు ఇది పక్కనున్న హింటన్ మఠం సొత్తు. 1232లో వెలిసిన ఆ కార్తూసియన్ మఠంలో సన్యాసులు ఎవరి గదిలో వారు మౌనంగా గడిపేవారు. బేరసారాల గోలకు అక్కడ చోటెక్కడిది? ఉన్ని, బట్టల సంతకు మా ఊరికి వచ్చే వర్తకులకు బస కావాలి, సరుకుకు గిడ్డంగి కావాలి. ఆ రెండింటి కోసం 14వ శతాబ్దంలో మఠం కట్టించిన సత్రమే ఇది.

కింది అంతస్తు రాయి. పై రెండూ కర్ర చట్రాలు, ఒకదానికంటే ఒకటి వీధిలోకి ముందుకొచ్చి ఉంటాయి. అరుగు దగ్గర నిలబడి తలెత్తితే ఆ కిటుకు తెలుస్తుంది. నేలను మోసే దూలాలను గోడతో ఆపకుండా బయటికి సాగనిచ్చారు. వాటి కొసల మీద పై గోడ బరువు పడుతుంది కాబట్టి గది నడుమ నేల కుంగదు. పైన చోటూ పెరుగుతుంది. ఇలాంటి చట్రాల సందుల్లో తడిక అల్లి మట్టి మెత్తేవారు. మన పల్లెల్లో తడిక గోడ ఎరిగినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు.

నాకు మరీ ఇష్టమైనది పెరటి వైపు. కమాను దాటి లోపలికి వెళితే రాతి మెట్ల బురుజు, దాని దగ్గర్లోనే కర్ర వసారా ఉన్న పాత వరస. గదుల తలుపులు వసారాలోకి తెరుచుకుంటే, ఒకరి గది మీదుగా ఇంకొకరు నడవాల్సిన పని ఉండదు. మూటలతో వచ్చి పడుకునే వర్తకుడికి అంతకంటే ఏం కావాలి?

1539లో మఠం మూతపడినా సత్రం నిలిచింది. 1668 జూన్‌లో ఇంగ్లండు డైరీ రచయిత శామ్యూల్ పెపీస్ మా ఊళ్లో భోంచేసి 10 షిల్లింగులు చెల్లించినట్టు తన డైరీలో రాసుకున్నాడు. 1685 జూన్ 27న మన్మత్ డ్యూక్ తిరుగుబాటు సేన రాజు సైన్యంతో మా వీధుల్లోనే తలపడింది.

ఇప్పుడిది గ్రేడ్ 1 రక్షిత కట్టడం. అనుమతి లేకుండా దూలం మార్చడానికి వీల్లేదు. ఆ కట్టడి ఖర్చుతో కూడినదే అయినా నేను దాని పక్షమే. గొడ్డలి గాట్లు, కొయ్య మేకులు బిగించిన కీళ్లు చూసే కదా ఏ భాగం ఎప్పుడు చేర్చారో వడ్రంగులు ఇప్పటికీ చెప్పగలుగుతున్నారు.