నీళ్లు రాకముందే

1950ల చివరి ఏళ్లు. మాచర్లకు పడమర, కృష్ణ ఒడ్డున లోయ. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు నది. మండే ఎండలో కూలీలు మట్టి తట్టలు మోస్తున్నారు. పలుగు దిగినకొద్దీ మెట్టు కింద మెట్టు బయటపడుతోంది.

"ఏందయ్యా ఇది, కోనేరా?" అని ఎవరో అడిగే ఉంటారు. నాలుగు వైపులా మెట్లు, అడుగున చదునైన నేల. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ అది కోనేరు కాదు, ఆటస్థలం. పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకుల రాజధాని విజయపురి జనం ఆ మెట్ల మీద కూర్చుని ఆటపాటలు చూశారు. అక్కడి రాజప్రాసాదపు స్తంభం మీద కొమ్ముగిన్నె పట్టుకున్న మూర్తి ఒకటి దొరికింది. గ్రీకుల నాటకాల దేవుడు డయోనైసస్‌గా దాన్ని పండితులు గుర్తించారు. పల్నాటి గడ్డ ఎంత దూరపు లోకంతో మాట్లాడిందో చూడండి!

ఈ లోయే నాగార్జునకొండ. ఇక్కడి శిథిలాలు 1926లోనే వెలుగులోకి వచ్చాయి. పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ కొంత తవ్వారు. అసలు పరుగు మాత్రం తర్వాత మొదలైంది. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ ఇక్కడి నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయంతా మునిగిపోతుందని అంతకుముందే తేలిపోయింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు బృందం లోయను జల్లెడ పట్టింది. వందకు పైగా కట్టడాలు బయటపడ్డాయి. తవ్వడం, కొలవడం, ఫొటో తీయడం, ఏది కాపాడాలో తేల్చడం. ఆఖరిది అన్నిటికంటే కష్టమై ఉంటుంది. ఇలాగే ఆనకట్ట నీట మునగబోయిన అబూ సింబెల్ ఆలయాలను ఈజిప్టు తరలించడం మొదలుపెట్టింది 1964లో. అప్పటికే ఇక్కడి తవ్వకాలు ముగిసి నాలుగేళ్లు.

అదే లోయలోని పుల్లారెడ్డిగూడెం జనం కూడా ఇళ్లు వదిలి వెళ్లారు. రాళ్ల కథ చెప్పేటప్పుడు వాళ్లను మరవకూడదు.

1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కొన్ని కట్టడాలను నాగార్జునకొండ మీద మళ్లీ నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు దీవి. లేతాకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాతి శిల్పాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఆటస్థలాన్ని మాత్రం ఒడ్డున, అనుపు దగ్గర తిరిగి కట్టారు. నట్టనడుమ నిలబడి చప్పట్లు కొడితే చుట్టూ కొండలు బదులు పలుకుతాయి.

అంత గొంతున్న చోటు మూగగా ఉండటం అన్యాయం. అనుపులోనే ఒక ప్రదర్శనశాల కట్టి, నీట మునిగిన విజయపురిని వెలుగులో, ధ్వనిలో చూపించాలి. కావలసిన నక్షాలు, ఫొటోలు అచ్చయిన తవ్వకాల నివేదికల్లోనే ఉన్నాయి. ఏడాదికొక్కసారైనా పల్నాటి వీరుల కథ చెప్పేవాళ్లను ఆ మెట్ల నడుమ నిలబెట్టి వినాలి. సాగర్ చూడబోయేవాళ్లు ఎత్తిపోతల జలపాతం చూసి తిరిగిపోకండి. అనుపుకు వెళ్లండి, పిల్లల్ని ఆ మెట్ల మీద కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి.