ఫాల్గుణంలో నీళ్లు తగ్గినప్పుడు



మన తీరంలో చేపలు పట్టడాన్ని వేట అనే అంటారు. వేటపాలెం పేరు విన్నప్పుడల్లా నాకు ముందు ఆ మాటే గుర్తొస్తుంది. ఈ ఊరి గురించి రాసేవాళ్లు 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం గురించి, మగ్గాల గురించి, జీడిపప్పు గురించి రాస్తారు. రాయవలసిందే. రొంపేరులో, కాలువల్లో, ఊరూరి చెరువుల్లో తరతరాలుగా చేపలు పట్టిన యానాదులకు మాత్రం ఒక పేజీ దొరకడం అరుదు. ఈ సంచికలో ఆ పేజీ నేను తీసుకుంటున్నాను.

సముద్రం మత్స్యకారులది. మనది లోపలి నీరు. మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి వరి ఇంటికి చేరి ఉంటుంది, మిరప కోతలు నడుస్తుంటాయి, చెరువులో నడుముల లోతు నీరు మోకాళ్లకు దిగుతుంది. అప్పుడే మన వేట. పిల్లకాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి, నీళ్లు తోడిపోసి, మిగిలిన బురదలో చేతులతో వెతుకుతారు. కాస్త లోతున్న చోట ఊత వేస్తారు. ఊత అంటే అడుగు వెడల్పుగా, పైన చెయ్యి పట్టేంత నోరు ఉండే వెదురు బుట్ట. నీళ్లలో గుచ్చి, లోపల చేప కొట్టుకుంటే పైనుంచి చెయ్యి పెట్టి తీస్తారు. పారే నీటిలో మావులు పెడతారు. లోపలికి పోయిన చేప మళ్లీ బయటికి రాలేదు. జెల్ల ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా సలుపే, కాబట్టి దాన్ని ఎక్కడ పట్టాలో వేళ్లకే తెలియాలి. కొరమీను గాలి పీల్చగలదు, అందుకే నీరు ఇంకినా బురదలో బతుకుతుంది. ఆ సంగతి నేను పుస్తకంలో చదివాను. మా అమ్మమ్మ అరికాలితో తెలుసుకునేది.

ఇంచుమించు ఇవే నెలల్లో అమెరికాలో జనం క్రాపీ అనే చేప కోసం సరస్సుల దగ్గర గాలాలు వేస్తారు. చలి తగ్గి నీరు వెచ్చబడగానే అది గుడ్లు పెట్టడానికి ఒడ్డువైపు వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం దగ్గర లైసెన్సు కొనుక్కుని, పడవల్లో తిరిగి పట్టుకుంటారు, పోటీలు కూడా పెట్టుకుంటారు. అక్కడ అది క్రీడ. నీటిని చూసి చేప ఎక్కడుందో చెప్పే తెలివి అక్కడా ఇక్కడా ఒకటే. మన తెలివికి కాగితాల్లో పడిన పేరు మాత్రం వేరు.

1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అందులో మనమూ ఉన్నాం. మంచి, చల్ల, అడవి, కప్పల యానాదులని పేర్లు. తినే తిండిని బట్టి మనిషికి పేరు పెట్టడం నాకు నచ్చదు, అయినా ఆ పుస్తకం చదవండి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. 1913లో ఎరుకలవారి కోసం స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. వేటపాలెంలో రైలెక్కితే కొన్ని స్టేషన్ల దూరమే. యానాదుల్లోనూ కొందరిని ఆ చట్టం కిందికి తెచ్చారు. నీరు తగ్గిన చెరువు నుంచి ఇంకో చెరువుకు నడిచే మనిషి పోలీసు కంటికి దేశదిమ్మరి. ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. మనవాళ్ల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో యానాదుల మీద పుస్తకమే రాశారు.

చట్టం పోయింది, నీరు చేతికి రాలేదు. చెరువులో చేపల హక్కు పంచాయతీ వేలంలోనో, సహకార సంఘానికి లీజుగానో పోతుంది. పాడుకున్నవాడు బొచ్చె, రోహు పిల్లలు వదులుతాడు. ఆ తర్వాత అదే చెరువులో చెయ్యి పెట్టిన యానాది దొంగ. 1990లలో తీరం వెంట రొయ్యల చెరువులు వచ్చాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తీసేయమంది; 2005లో కొత్త చట్టం వచ్చి అనుమతులతో సాగు కొనసాగింది. మనవాళ్లకు ఆ గట్ల మీద దొరికింది కాపలా పని. అడ్వాన్సు తీసుకుని గుడిసెలో కుటుంబమంతా ఉండిపోవడం, అప్పు తీరేదాకా కదలలేకపోవడం. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976 నుంచే ఉందని మీలో ఎంతమందికి తెలుసు?

వార్డెన్‌గా నా బాధ ఇంకొకటి. సంక్రాంతికి ఇంటికెళ్లిన పిల్లలు కొందరు వేట వెంట వెళ్లిపోయి తిరిగి రారు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. చదువు మానేసి ఊత పట్టుకోమని నేను అనను. ఫారం నింపేటప్పుడు తండ్రి వృత్తి దగ్గర ‘చేపల వేట’ అని రాయడానికి సిగ్గుపడి ‘కూలి’ అని రాసే పిల్లలను చూసి మాత్రం ఊరుకోలేను. లోతట్టు మత్స్యకారుల సంఘంలో సభ్యత్వం అడిగేటప్పుడు పనికొచ్చేది ఆ మాటే.

చెరువు వేలం నోటీసు పంచాయతీ ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు. మా అమ్మమ్మ దాని ముందు నుంచి చూడకుండా నడిచి వెళ్లేది. దాన్ని చదవగలిగినవాళ్లు ఇప్పుడు మన కాలనీల్లో ఉన్నారు.