సోమదేవసూరి – వేములవాడ

యశస్తిలకచంపువు పేరు వినని సంస్కృతపండితు లరుదు. ఆ గ్రంథము తెలుగునేలపై సమాప్తిజెందినదని యెఱిగినవారు మాత్రము కొలదిమంది. తత్కర్తయగు సోమదేవసూరి తెలుగువాడు కాడు; తెలుగున నొక పద్యమైనను రచించినట్లు కానరాదు. ఆ కారణమున మన సాహిత్యచరిత్రకారు లాయనను పరులపాలు చేసిరి. పరదేశమునుండి వచ్చిన కవియు నాచార్యుడు నగు నీతనికి వేములవాడ చాళుక్యు లొసగిన స్థాన మెట్టిదో విచారించినచో నీ యుపేక్ష తగదని తేలగలదు.

కాలనిర్ణయమునకు గ్రంథాంతమే ప్రమాణము. శకవర్షము 881, సిద్ధార్థి సంవత్సర చైత్రమాస మదనత్రయోదశినాడు, అనగా క్రీ. శ. 959లో, కావ్యము ముగిసినది. అప్పుడు రాష్ట్రకూటచక్రవర్తి మూడవ కృష్ణుడు పాండ్య సింహళ చోళ చేరాదులను జయించి మేల్పాడియందు విడిసియుండెను. ఆతని సామంతుడును, చాళుక్య అరికేసరి జ్యేష్ఠపుత్రుడును నగు వాగరాజునకు రాజధానియైన గంగధారయందు రచన పూర్తియైనదని కవియే చెప్పుకొనెను. ఆ గంగధారయే కరీంనగరు జిల్లాలోని గంగాధర.

సోమదేవుని జన్మభూమి యేది? పర్భణీ తామ్రశాసన మాయనను గౌడసంఘమువానిగా పేర్కొనుటచే గొంద ఱాయనను గౌడదేశీయునిగా దలచిరి. ఈ యూహ త్వరపడి చేయదగినది కాదు. గౌడశబ్ద మిచట సంఘమునకు విశేషణము గాని పురుషునకు గాదు. సంఘము పుట్టినచోటే శిష్యుడును పుట్టవలెనను నియమము లేదు. పైగా యశస్తిలకమున కవి తన్ను దేవసంఘమునకు జెందిన యశోదేవుని ప్రశిష్యునిగాను, నేమిదేవుని శిష్యునిగాను చెప్పుకొనెనే కాని తల్లిదండ్రుల నైనను, స్వగ్రామము నైనను దెలుపలేదు. గృహమును విడిచిన మునికి గురుపరంపరయే వంశము. సంఘనామ మౌత్తరాహసంబంధమును సూచించుననుట యంగీకార్యము. అంతకు మించి చెప్పుట సాహసము. ఈ ప్రవాసము రాజదండనచే గలిగినది కాదు. వర్షాకాలమున దప్ప నొకచోట నిలువరాదను మునివ్రతమే ఆయనను సంచారిని జేసినది.

ఆయన కవియగుటకు మున్ను తార్కికుడు. శుష్కమగు తర్కాభ్యాసమునుండియే తన కవిత్వము పుట్టినదని చెప్పుకొన్నవాడు. కాలగర్భమున మునిగిన శబ్దములను పైకి దెచ్చితినని యాయన గర్వించుటయు యుక్తమే. నిఘంటువులకు దొరకని పదములు యశస్తిలకమున విరివిగా గలవు. కాని ఆ గ్రంథమునకు ముఖ్యప్రయోజనము బోధ. పిండికోడిని బలి యిచ్చిన మాత్రముననే యశోధరుడును, ఆ బలికి బ్రేరేపించిన తల్లియు తిర్యగ్జన్మముల బాలైన కథ మొదటి యైదాశ్వాసములలో నున్నది. సంకల్పమే హింస యగునని దాని తాత్పర్యము. కడపటి మూడాశ్వాసములు ఉపాసకాధ్యయనమను పేర గృహస్థునకు ధర్మపాఠములు.

రాజులకును ఆయన పాఠము చెప్పెను. ముప్పదిరెండు సముద్దేశముల నీతివాక్యామృతము కౌటిల్యుని మార్గమున నడచిన సూత్రప్రాయమగు గద్యము. ఇది కన్యాకుబ్జరాజగు మహేంద్రపాలునికై రచితమని వ్యాఖ్యాత వ్రాసెను. పుష్పికయందు యశోధరచరిత్ర మిదివఱకే రచితమైనట్లు చెప్పబడుటచే నీతివాక్యామృతము 959 తర్వాతిదగును. రెండవ మహేంద్రపాలుని శాసనకాలము 946. కావున వ్యాఖ్యాత మాటకంటె గ్రంథకర్త మాటయే బలవత్తరము.

శకవర్షము 888, అనగా 966లో, మూడవ అరికేసరి వేయించిన పర్భణీశాసనము విశేషించి పరిశీలింపదగినది. తన తండ్రి బద్దెగుడు లెంబులపాటకమున గట్టించిన శుభధామజినాలయమునకు జీర్ణోద్ధరణము, సున్నపుపూత, బలినైవేద్యములు జరుగుటకై సబ్బి వేయింటిలోని రేపాక పండ్రెండింటికి జేరిన వనికటుపులు గ్రామమును సోమదేవున కాతడు ధారవోసెను. ఏమియు దనదిగా నుంచుకొనరాని నిర్గ్రంథముని కొక గ్రామము! ఇది వ్రతభంగమా? కాదు. దానఫలము పురుషునకు గాక ఆలయమునకు నియమింపబడినది. ముని కేవలము దానికి రక్షకుడు. అయినను సంచారియైన వాడు స్థానాధిపతియగుట చిన్న మార్పు కాదు. దేశము లేనివానికి రాజులు గృహమును గాక విద్యాస్థానము నిచ్చిరి.

లెంబులపాటకమే లేములవాడ, నేటి వేములవాడ. పాటకశబ్దమున పకారము వకారముగను, టకారము డకారముగను మాఱి వాడ యగుట ప్రాకృతమార్గమున సుగమము.

ఈ ప్రాంతము పరులకు నెలవగుట సోమదేవునితో మొదలు కాలేదు. వేంగినాటి వంగిపఱ్ఱు వంశీయుడగు పంపకవి రెండవ అరికేసరి యాస్థానమున 941 నాటికి కన్నడమున విక్రమార్జునవిజయమును రచించెను. ఆతని తమ్ముడు జినవల్లభుడు గంగాధరకు సమీపమునగల కుర్క్యాల బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున సంస్కృతకన్నడములతోపాటు తెలుగు కందములు మూడున్నవి. అవి నన్నయకు బూర్వపువి. సోమదేవుడు సంస్కృతచంపువును ముగించిన యూరికి నా తెలుగుకందములు దవ్వు కావు. ఒకే రాజకుటుంబపు నీడలో మూడు భాష లిట్లు పెరిగినవి. అందు తెలుగు మాత్రమే మనదని, తక్కినవి పరులవని విడదీసినచో, ఆ తెలుగుకందములు పుట్టిన వాతావరణమే మనకు దుర్బోధ మగును. వేములవాడ చరిత్రమును వ్రాయువారు పంపజినవల్లభుల సరసన సోమదేవసూరికిని పీఠము వేయుట న్యాయము.