ముందుగా కొన్న ఆసనం

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. జరగని దానిని జరిగినట్లే లెక్కవేసుకొనే వారిని వెక్కిరించడానికి పుట్టిన మాట ఇది. 2019 మే నెలలో ఒక సాయంకాలం జహీరాబాదు బస్సుస్టాండులో మేము ఈ సామెతను విన్నాం. చెప్పినది ఒక తండ్రి. వినవలసివచ్చినది అతని కుమారుడు. హైదరాబాదులోని ఉప్పలు స్టేడియంలో జరగబోయే క్రికెట్టు ఫైనలుకు టిక్కెట్లు కొందామని ఆ పిల్లవాని పట్టుదల.

"ముందు మనోళ్లను రానియ్యి బిడ్డా, అప్పుడు చూద్దాం" అన్నాడు తండ్రి.

"వాళ్లు వచ్చినంక టిక్కెట్లు ఉండయి నాయినా" అన్నాడు కొడుకు.

ఇద్దరి మాటలలోను న్యాయం ఉన్నది. తమ జట్టు అర్హత పొందకముందే టిక్కెట్టు కొనడం తెలివా, తెలివితక్కువా అన్న ఈ తగవు పుట్టుపూర్వోత్తరాలను కొంచెం విచారించడమే ఈ ప్రసంగంలో మా ఉద్దేశం.

ఒకప్పుడు ఈ చిక్కు మన ప్రేక్షకులకు లేదు. 1955 నవంబరులో హైదరాబాదు ఫతే మైదానంలో మొట్టమొదటి టెస్టు మ్యాచి జరిగింది. వచ్చినది న్యూజీలాండు జట్టు. ఆ మ్యాచిలో పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు తీసి, టెస్టులలో రెండువందలు దాటిన తొలి భారతీయుడైనాడు. ఎవరు ఆడతారో, ఏ తేదీలలో ఆడతారో నెలల ముందే తెలుసు. టిక్కెట్టు కొన్నవాడు ఆట ఎలా సాగుతుందోనని ఎదురుచూశాడే గాని, తన జట్టు మైదానంలోకి వస్తుందా రాదా అని దిగులుపడవలసిన పని లేకపోయింది.

ఫుట్‌బాల్‌లో సంగతి వేరు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. అది ఓడినవారు ఇంటిదారి పట్టే పోటీ. ఫైనలుకు ఎవరు చేరతారో ముందు చెప్పడం కష్టం. కాని ఆ ఫైనలు చూడడానికి ఇక్కడినుంచి బొంబాయి వెళ్లగలిగినవారు ఎందరు? తక్కిన అభిమానులకు పత్రికలు, రేడియో వార్తలే దిక్కు. ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లించే ఆ రోజులలో, రేడియో ముందు కూర్చున్నవానికి తన జట్టు ఓడితే మనస్సు నొచ్చుకొనేదే గాని డబ్బు పోయేది కాదు.

2008లో ఇండియన్ ప్రీమియర్ లీగు మొదలైన తరువాత ఈ లెక్క మారింది. జట్లన్నీ కొన్ని వారాలపాటు ఒకదానితో ఒకటి తలపడతాయి. పాయింట్ల పట్టికలో ముందున్న నాలుగు జట్లు ప్లే-ఆఫ్ పోటీలకు అర్హత పొందుతాయి. అందులో గెలిచిన రెండు ఫైనలు చేరతాయి. రెండవ క్వాలిఫయర్ పోటీకి, ఫైనలుకు మధ్య తరచుగా రెండు రోజులకు మించి వ్యవధి ఉండదు. ముప్పై నలభై వేలమందిని కూర్చోబెట్టి, భద్రత చూసి, ఎవరి ద్వారం ఏదో నిర్ణయించవలసిన నిర్వాహకులు అన్ని రోజులు చేతులు కట్టుకొని కూర్చోలేరు. అందువల్ల ఆడేవారు తేలకముందే ఆసనాలు అమ్ముడవుతాయి. నిర్వాహకులు తమ సందేహాన్ని కూడా టిక్కెట్టుతో కలిపి ప్రేక్షకునికి అమ్ముతున్నారన్నమాట.

ఈ సందేహం ఎంతటిదో మన జట్ల చరిత్రే చెబుతుంది. 2008లో హైదరాబాదు జట్టు దక్కన్ చార్జర్స్ ఎనిమిదింటిలో ఎనిమిదవ స్థానంలో నిలిచింది. మరుసటి ఏట ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు విజేత అయింది. కాని సార్వత్రిక ఎన్నికల కారణంగా ఆ ఏటి పోటీలు దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. విజయం జోహన్నెస్‌బర్గులో లభించింది. సంబరం మాత్రం ఇక్కడ జరిగింది.

తరువాత వచ్చిన సన్‌రైజర్స్ జట్టు 2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వంలో కప్పు గెలిచింది. ఆ ఫైనలు ముంబయిలో జరగవలసినది. మహారాష్ట్రలో తీవ్రమైన అనావృష్టి కారణంగా బెంగుళూరుకు మారింది. విజేత జట్టు సొంత ఊరిలో మరుసటి ఏటి ఫైనలు జరపడం ఆనవాయితీ. కనుక 2017 మే 21వ తేదీ ఫైనలు హైదరాబాదుకు దక్కింది. గత ఏటి విజేతలు సొంత మైదానంలో మళ్లీ గెలుస్తారన్న ఆశ అభిమానులకు కలగడం సహజమే గదా! కాని బెంగుళూరులో మే 17వ తేదీ రాత్రి ఎలిమినేటర్ పోటీలో వర్షం కురిసింది. అర్ధరాత్రి దాటిన తరువాత కోల్‌కతా జట్టుకు 6 ఓవర్లలో 48 పరుగుల లక్ష్యం పెట్టారు. ఆ జట్టు దానిని సాధించింది. సన్‌రైజర్స్ ఇంటికి వచ్చారు, ఆడడానికి కాదు.

2019 కథ ఇంతకంటె చిత్రమైనది. మే 4వ తేదీన సన్‌రైజర్స్ తమ చివరి లీగు మ్యాచి ఓడిపోయారు. ఇక వారి అదృష్టం ఇతరుల చేతిలో పడింది. మరునాడు ముంబయిలో జరిగిన ఆఖరి లీగు మ్యాచిలో కోల్‌కతా ఓడిపోవడంతో, కేవలం 12 పాయింట్లతో, పరుగుల సగటు ఆధారంగా వారు నాలుగవ స్థానం దక్కించుకొన్నారు. అంత తక్కువ పాయింట్లతో ప్లే-ఆఫ్ చేరిన జట్టు అంతకుముందు లేదు. ఫైనలు చెన్నైలో జరగవలసినది. అక్కడి స్టేడియంలో మూడు గ్యాలరీలకు అనుమతి లభించక అది హైదరాబాదుకు వచ్చింది. స్థానిక ఎన్నికల బందోబస్తు కారణంగా ఎలిమినేటర్ విశాఖపట్నానికి వెళ్లింది. అక్కడ మే 8వ తేదీన సన్‌రైజర్స్ ఢిల్లీ చేతిలో 2 వికెట్ల తేడాతో ఓడిపోయారు.

జహీరాబాదు తండ్రి జంకడానికి కారణాలు ఉన్నాయి. అక్కడినుంచి రాజధానికి జాతీయ రహదారిమీద సుమారు 100 కిలోమీటర్లు. జహీరాబాదు నగరానికి పడమర, ఉప్పలు తూర్పు కొస. నగరమంతా దాటితే గాని స్టేడియం కనబడదు. ఫైనలు ఆదివారం రాత్రి జరుగుతుంది. ఆట ముగిసేసరికి అర్ధరాత్రి అవుతుంది. సోమవారం ఉదయం ట్రాక్టరు కర్మాగారంలో పనికి హాజరు కావలసినవాడైనా, చెరకు తోటకు నీరు పెట్టవలసినవాడైనా, ఆ రాత్రి ఎక్కడ తల దాచుకోవాలో ముందే ఆలోచించుకోవాలి. టిక్కెట్టుమీద అచ్చయిన వెల ఖర్చులో ఒక భాగం మాత్రమే.

కొడుకు తొందరకూ కారణం ఉన్నది. 2024లో సన్‌రైజర్స్ ఫైనలు చేరినట్లు తేలినది మే 24వ తేదీ రాత్రి. ఫైనలు 26వ తేదీన, చెన్నైలో. నిశ్చయం తెలిసేదాకా ఆగినవానికి టిక్కెట్టు, రైలు, బస అన్నీ చూసుకోవడానికి ఒక పగలు, ఒక రాత్రి మిగిలాయి. అలా ఆగినవారిని బ్లాకులో అమ్మేవారు కనిపెట్టి ఉంటారు.

ఇది మన అభిమానులకు మాత్రమే పట్టిన పీడ కాదు. 1964లో అమెరికాలో ఫిలడెల్ఫియా బేస్‌బాల్ జట్టు ఇక 12 ఆటలే మిగిలి ఉండగా ఆరున్నర ఆటల ఆధిక్యంలో ఉన్నది. వరల్డ్ సిరీస్ టిక్కెట్లు అచ్చు వేయించారు. జట్టు వరుసగా పది ఆటలు ఓడిపోయింది. ఆ టిక్కెట్లు ఏ ద్వారంలోను చెల్లలేదు. నేడు వాటిని పాత వస్తువులు సేకరించేవారు దాచుకొంటున్నారు. 2019 జూలైలో లార్డ్స్ మైదానంలో ప్రపంచ కప్పు ఫైనలుకు భారత అభిమానులు ముందుగానే పెద్ద సంఖ్యలో టిక్కెట్లు కొన్నారు. మన జట్టు సెమీఫైనలులో న్యూజీలాండు చేతిలో 18 పరుగుల తేడాతో ఓడింది. రానివారు తమ టిక్కెట్లను లాభానికి కాక, అధికారికంగా తిరిగి అమ్మే పద్ధతిలోనే ఇతరులకు ఇవ్వవలసిందని న్యూజీలాండు ఆటగాడు జేమ్స్ నీషం బహిరంగంగా కోరాడు.

మార్గాంతరం లేకపోలేదు. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో కొన్ని టిక్కెట్లను ఒక జట్టు పేరుమీదనే అమ్మిన పద్ధతి ఉన్నది. ఆ జట్టు ఆ మ్యాచికి చేరకపోతే కొంత రుసుము మినహాయించుకొని డబ్బు తిరిగి ఇచ్చేవారు. సందేహంలో నిర్వాహకుడు, ప్రేక్షకుడు చెరిసగం పంచుకోవడం ఇది. మన లీగు నిర్వాహకులు దీనిని పరిశీలించడం మంచిది. 2025లో హైదరాబాదుకు కేటాయించిన రెండు ప్లే-ఆఫ్ పోటీలు, సరిహద్దు ఉద్రిక్తతల మూలంగా లీగు కొన్నాళ్లు ఆగిన తరువాత, పంజాబుకు తరలిపోయాయి. అప్పటికే మన జట్టు పోటీనుంచి తొలగిపోయింది. కనుక కొనేవారు ముందే మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: వేదిక మారితే డబ్బు తిరిగి ఇస్తారా? వర్షంవల్ల ఆట మరునాటికి పడితే అదే టిక్కెట్టు చెల్లుతుందా? రాలేనివాడు అదే వెలకు మరొకరికి న్యాయంగా ఇవ్వడానికి ఏర్పాటు ఉన్నదా?

ఒక్క మాట మిగిలింది. 2017 ఫైనలులో ముంబయి జట్టు పుణె జట్టును ఒక్క పరుగు తేడాతో ఓడించింది. 2019 ఫైనలులోను అదే ముంబయి జట్టు, అదే ఉప్పలులో, చెన్నైని అదే ఒక్క పరుగు తేడాతో ఓడించింది. లసిత్ మలింగ ఆఖరి బంతికి వికెట్టు తీసేవరకు ఫలితం తేలలేదు. సన్‌రైజర్స్ కోసం టిక్కెట్టు కొని, వారు లేకపోయినా వెళ్లి కూర్చున్నవారు, లీగు చరిత్రలోనే మరపురాని రెండు రాత్రులను కళ్లారా చూశారు. ఆ తండ్రీకొడుకులు చివరకు ఏమి చేశారో చూడకముందే మా బస్సు కదిలింది. పిల్లవాని మాటే నెగ్గి ఉంటే, ఆ ఆదివారం ఉప్పలులో వారి పక్షాన ఆడేవారు ఎవరూ లేకపోయినా, ఆఖరి బంతికి ఇద్దరూ లేచి నిలుచునే ఉంటారని మా నమ్మకం.