మార్లవాయి బడిలో మన మాట



మేం ఆశ్రమ పాఠశాలలో చదువుకునే రోజుల్లో మా తరగతి పిల్లవాడొకడు సారును 'ఏర్' అడిగాడు. మన గోండిలో ఏర్ అంటే నీళ్లు. సారుకు అది తెలుగు 'ఏరు'లా వినబడింది. "ఇక్కడ ఏరెక్కడుందిరా?" అన్నారు. తరగతంతా నవ్వింది. ఆ పిల్లవాడు మళ్లీ నోరు తెరిచి నీళ్లు అడగలేదు. మరి మేం వార్డెన్లమయ్యాక ఏం చేశాం? మొదటి నాలుగైదేళ్లు మేమూ "తెలుగులోనే మాట్లాడండి" అనే చెప్పాం. దాచడమెందుకు?

టీచర్ ట్రైనింగులో మాతృభాషలో బోధన గురించి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, మార్లవాయి సంగతి మాకెవరూ చెప్పలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టారు. భూమి పట్టాలతో పాటు చదువు కూడా కావాలన్నారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. పిల్లలు మొదట తమ మాటలోనే అక్షరాలు దిద్దారు. మీ తాతల్లో కొందరు ఆ బడుల్లో కూర్చున్నవాళ్లే.

తర్వాత నిజాం పాలన పోయింది. 1956లో ఆదిలాబాద్ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. బడి భాష తెలుగైంది, గోండి వాచకాలు మూలనపడ్డాయి. అదే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలని అది చెబుతుంది.

అస్సాంలో బోడోల కథ వేరుగా నడిచింది. వాళ్లు 1952లో సొంతంగా సాహిత్య సభ పెట్టుకున్నారు. 1963లో ప్రాథమిక బడుల్లో బోడో మాధ్యమం సాధించారు. లిపి కోసం కూడా ఉద్యమం చేశారు, అందులో ప్రాణాలూ పోయాయి. 2003 సవరణతో బోడో, సంతాలి ఎనిమిదో షెడ్యూలులో చేరాయి. మార్లవాయి వాళ్లకన్నా ఇరవై ఏళ్లు ముందు! కానీ మనకు దాన్ని తెచ్చింది సర్కారు. సర్కారు మారగానే అదీ పోయింది. అప్పుడు అడగడానికి మనకొక సంఘం లేదు. మా మట్టుకు మాకు కనిపించే తేడా అదే.

సంఖ్య తక్కువని ఎవరైనా అంటే 2011 జనగణన చూపండి. దేశం మొత్తంలో బోడో మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 14.8 లక్షలు, గోండి వాళ్లు 29.8 లక్షలు. షెడ్యూలులో ఉన్న సంస్కృతానికి 24,821 మంది. లిపి లేదనే మాటా ఇక చెల్లదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మీ ఫోన్లలోకి రావడానికి దారి పడింది.

కాబట్టి జనగణన వాళ్లు ఇంటికొచ్చి మాతృభాష అడిగితే మొహమాటానికి 'తెలుగు' అనకండి. పక్కన కూర్చుని అమ్మానాన్నల చేత 'గోండి' అని రాయించండి. ఇంకొక్క మాట. తాతల పెట్టెల్లో మార్లవాయి నాటి గోండి వాచకం ఒక్కటి ఉన్నా, చినిగినదైనా సరే, హాస్టల్‌కు తీసుకురండి. ఫొటోలు తీసుకుని జాగ్రత్తగా తిరిగి ఇస్తాం.